పుచ్చపాదు: పూత విరగపూస్తోంది, పిందె నిలవడం లేదు. తప్పు ఎక్కడ?
(ఒకరి ప్రశ్న, తోటవాళ్ళ జవాబులు. ప్రతి భాగం మొదట ఉన్నది రాసినవారి మారుపేరు.)

పెరటిజాగా:
ఇంటి వెనక 12 అడుగులకి 15 అడుగుల ఖాళీ జాగా ఉంది. నల్లమట్టి, బోరు నీళ్ళు. పొద్దున 8 నుంచి సాయంత్రం 4 దాకా ఎండ తగులుతుంది. పోయినసారి ఫిబ్రవరి ఆఖర్లో 6 పాదులు చేసి, పాదుకి 3 షుగర్ బేబీ రకం గింజలు పెట్టాం. మొలిచినవన్నీ ఉంచేశాం. తీగ జాగా అంతా కమ్మేసింది, పూతకీ లోటు లేదు. పిందెలే ఉసిరికాయంత అయ్యేలోపు పసుపు తిరిగి రాలిపోయాయి. నిలిచినవి నాలుగంటే నాలుగు. ఒకటి పగిలింది. ఒకదాని అడుగు నల్లగా కుళ్ళింది. ఒకదాంట్లో పురుగులు. మిగిలినదాన్ని కోస్తే లోపల లేత గులాబీ రంగు, చప్పటి నీళ్ళు.

ఈసారి ముందే అడుగుతున్నా. ఎప్పుడు పెట్టాలి, ఎన్ని పెట్టాలి, పిందె ఎందుకు రాలుతోంది, కోతకి వచ్చిందని ఎలా తెలుస్తుంది? డాబా మీద సంచుల్లో కూడా పెట్టొచ్చా?

నల్లరేగడి:
ముందు లెక్క చూడండి. 180 చదరపు అడుగుల్లో 18 మొక్కలంటే మొక్కకి 10 చదరపు అడుగులు. పుచ్చకి కనీసం 20 కావాలి. మీ జాగాకి 4 పాదులు, పాదుకి 2 మొక్కలు, మొత్తం 8. అంతకు మించి ఒక్కటి కూడా వద్దు. ఆకు మీద ఆకు పడితే కింది ఆకుకి ఎండ ఉండదు, ఎండ తగలని ఆకు కాయకి చక్కెర పంపలేదు. పైగా ఆ గుబురులో పువ్వు ఎక్కడుందో తేనెటీగకి కనపడదు.

రెండోది, మీరు పెట్టిన సమయం. ఫిబ్రవరి ఆఖర్లో గింజ వేస్తే పూత ఏప్రిల్ మొదట్లో వస్తుంది. అప్పటికే ఎండ ముదిరి పుప్పొడి సత్తువ తగ్గుతుంది. కోస్తా, రాయలసీమల్లో డిసెంబరు రెండో పక్షం నుంచి జనవరి ఆఖరు దాకా మంచి అదను. తెలంగాణలో రాత్రి చలి ఎక్కువ కాబట్టి జనవరి మొదటి వారం దాటాక మొదలుపెట్టి ఫిబ్రవరి సగానికి ముగించాలి. చలికి గింజ మొలవదు, మొలిచినా ముడుచుకుని కూర్చుంటుంది. సులువుగా గుర్తుండాలంటే సంక్రాంతికి గింజ, శివరాత్రికి పూత, శ్రీరామనవమికి కాయ. వారం అటూ ఇటూ అవుతుంది, అంతే.

నల్లమట్టిలో గుంట తవ్వి అందులోనే నాటితే నీళ్ళు నిలిచి వేరు కుళ్ళుతుంది. అడుగున్నర లోతు, అడుగున్నర వెడల్పు గుంట తీయండి. తీసిన మట్టిలో బాగా మాగిన పశువుల ఎరువు 8 నుంచి 10 కిలోలు, వేపపిండి పావుకిలో, సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ (భాస్వరం ఎరువు) 100 గ్రాములు, రెండు తట్టల ఇసుక కలిపి మళ్ళీ నింపండి. నింపాక నేల మట్టం కంటే అడుగు ఎత్తు గుట్టలా రావాలి. ఇదంతా గింజ పెట్టడానికి 10 రోజుల ముందే అయిపోవాలి. పచ్చి పేడ మాత్రం వద్దు. లేత వేరుని కాలుస్తుంది, చెదల్ని పిలుస్తుంది. ఎండు తెగులు భయం ఉంటే ఆ 10 కిలోల ఎరువులోనే 100 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగుళ్ళని అణిచే మంచి బూజు పొడి) కలిపి, తడిపి, నీడలో గోనెపట్టా కప్పి వారం ఉంచి వాడండి.

గింజ సంగతి. ప్యాకెట్లో గులాబీ రంగో, నీలం రంగో పూసి ఉంటే అది మందు పట్టించిన గింజ. నానబెట్టొద్దు, మందు కడుక్కుపోతుంది. మామూలు గింజ అయితే ఒక రాత్రి గోరువెచ్చని నీళ్ళలో నానేసి, తడిగుడ్డలో మూటకట్టి వెచ్చని చోట పెట్టండి. తెల్లగా మొలక చివర కనపడగానే అంగుళం లోతులో పెట్టేయండి. పాదుకి నాలుగు వేసి, మొలకతో వచ్చే దళసరి ఆకులు కాక రెండు నిజమైన ఆకులు వచ్చాక బలంగా ఉన్న రెండు ఉంచి, మిగతావి కత్తెరతో మొదట్లో కత్తిరించండి. పీకితే పక్కదాని వేరు కూడా కదులుతుంది. పుచ్చకి వేరు కదలడం అస్సలు పడదు. నారు పోసి నాటాలనుకున్నా 12 నుంచి 15 రోజుల మొక్కే నాటాలి, ట్రేలోని మట్టిగడ్డ చెదరకుండా.

దుకాణంలో అడిగేటప్పుడు కూడా జాగ్రత్త. హైదరాబాదులో తర్బూజా అంటే పుచ్చ, ఖర్బూజా అంటే ఆ తొక్క గరుగ్గా ఉండే వేరే పండు. ఒక్క అక్షరం తేడాతో రెండు నెలలు పోతాయి. బొమ్మ చూసి కొనండి. కొత్తగా వేసేవాళ్ళకి షుగర్ బేబీ మంచిదే, కాయ 3 నుంచి 5 కిలోలు తూగుతుంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ళ అర్కా మానిక్ బూడిద తెగులుని, బూజు తెగులుని తట్టుకుంటుంది కానీ పంటకాలం ఎక్కువ, కాయా పెద్దది. మీకున్న జాగాకి అదే సంస్థ వాళ్ళ అర్కా ముత్తు నప్పుతుంది, తీగ పొట్టిగా ఉంటుంది.

పుప్పొడి:
పిందె రాలడానికి నా సమాధానం. మీ తోటలో పసుపు తిరిగి రాలినవి అసలు కట్టిన పిందెలే కావు. పుచ్చలో ఆడపువ్వు పూసేటప్పుడే దాని కింద నూగుతో చిన్న గుండు ఉంటుంది. దాన్నే అందరూ పిందె అనుకుంటారు. పుప్పొడి పడకపోయినా అది మూడు నాలుగు రోజులు పచ్చగానే ఉండి, తర్వాత పువ్వు ఉన్న కొస నుంచి పసుపు తిరిగి ముడుచుకుపోతుంది. మీరు చెప్పిన లక్షణం సరిగ్గా అదే.

మొదట వారం, పది రోజులు మగపూలే పూస్తాయి. అవి రాలితే బెంగ పడక్కర్లేదు, వాటి పని అంతే. ఆ తర్వాత ఏడెనిమిది కణుపులకి ఒకటి చొప్పున ఆడపువ్వు వస్తుంది. ప్రతి పువ్వుకీ ఉన్నది ఒక్క పూటే. తెల్లవారాక విచ్చుకుని మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది, మర్నాడు మళ్ళీ విప్పదు. ఆ కాస్త సమయంలో తేనెటీగ ఒకసారి వచ్చి వెళ్ళినా చాలదు, పలుమార్లు వాలాలి. పుప్పొడి అరకొరగా పడితే కాయ ఒకవైపు ఉబ్బి ఇంకోవైపు నొక్కుకుపోతుంది.

టౌన్లో తేనెటీగల్ని నమ్ముకోకుండా చేత్తో చేయడం మేలు. 6 నుంచి 9 గంటల మధ్య అప్పుడే విచ్చుకున్న మగపువ్వుని కాడతో కోయండి. రేకులు వెనక్కి వంచి తుంచేస్తే మధ్యలో పసుపు పొడి అంటిన కేసరాలు మిగులుతాయి. వేలికి తాకిస్తే పొడి అంటాలి. అంటకపోతే ఇంకాసేపు ఆగండి, మంచు పడిన రోజు ఆలస్యమవుతుంది. ఆడపువ్వు మధ్యలో కీలాగ్రం మూడు తమ్మెలుగా ఉంటుంది. మూడింటికీ పొడి కనపడేలా మెల్లగా రాయాలి. ఒక ఆడపువ్వుకి రెండు మూడు మగపూలు వాడండి, పిసినారితనం వద్దు. పిందె నూగుని వేళ్ళతో పట్టుకోవద్దు, కమిలిపోతుంది. రాశాక కాడకి రంగు దారం వదులుగా కట్టి తారీఖు రాసిపెట్టండి. మూడో రోజుకి పిందె మెరుస్తూ, కాడ కిందికి వంగితే నిలిచినట్టు. ఈ తారీఖు కోతప్పుడు మీకు అన్నిటికంటే ఎక్కువ పనికొస్తుంది.

మొదలు నుంచి 10, 12 కణుపుల లోపు వచ్చే ఆడపువ్వుని తుంచేయండి. అక్కడ కట్టిన కాయ చిన్నగా, వంకరగా తయారై తీగ ఎదుగుదలని ఆపేస్తుంది. మొక్కకి రెండు కాయలు నిలిచాక మిగతా పిందెలు కూడా తీసేయాలి. మనసొప్పదు, నిజమే.

ఆడపూలు తక్కువ అనిపిస్తే దానికీ ఒక పద్ధతి ఉంది. మొక్క 2 ఆకులప్పుడు ఒకసారి, 4 ఆకులప్పుడు ఒకసారి లీటరు నీటికి 3 గ్రాముల బోరాక్స్ కలిపి ఆకు తడిసేలా పిచికారీ. మన వ్యవసాయ శాఖ సిఫారసుల్లో ఉన్నదే. బాగుంది కదా అని మూడు గ్రాముల్ని ఆరు చేస్తే ఆకు అంచులు మాడతాయి.

పెరటిజాగా:
రాలిన పిందెలు కొన్ని పసుపు తిరిగినవి, కొన్ని మెత్తగా కుళ్ళినవి. రెండో రకం వాటికి "ఎవరో వేలు చూపించారు" అంటోంది మా అత్తయ్య :) ఇంకో సందేహం. తీగ చివర తుంచాలా వద్దా?

ఆకుమీదపురుగు:
వేలు చూపించింది పండుఈగ. రాలిన పిందెని చేతిలోకి తీసుకుని వెలుగులో తిప్పి చూడండి. సూది గుచ్చినంత చుక్క, దాని మీద తేనె బొట్టులా గట్టిపడిన జిగురు కనిపిస్తే ఈగ గుడ్డు పెట్టినట్టు. కోస్తే బియ్యపు గింజ కంటే సన్నని తెల్ల పురుగులు ఉంటాయి. జిగురు లేకుండా కొస నుంచి ముడుచుకుంటే పుప్పొడి పడనిది. రెండింటికీ మందు వేరు.

ఈగ పుట్టకముందే ఆపాలి. పిందె నిలిచిందని తెలిసిన రోజే, అంటే నిమ్మకాయంత ఉన్నప్పుడే, పల్చటి గుడ్డ సంచో రెండు మడతల వార్తాపత్రికో తొడిగి కాడ దగ్గర వదులుగా కట్టండి. కాయ ముదిరి తొక్క గట్టిపడ్డాక తీసేయొచ్చు. క్యూ లూర్ ఎర ఒకటి తోట అంచున వేలాడదీయండి. అది మగ ఈగల్ని మాత్రమే పట్టుకుంటుంది కాబట్టి ఎర ఉంది కదా అని సంచి మానేయొద్దు. కుళ్ళిన పిందెల్ని కంపోస్టు కుప్పలో వేయకండి. పురుగు మట్టిలోకి దిగి కోశస్థ దశ గడిపి మళ్ళీ ఈగై లేస్తుంది. ప్లాస్టిక్ కవర్లో మూతి కట్టి రెండు రోజులు ఎండలో పడేస్తే సరి.

మొలకప్పుడు వచ్చేది ఎర్ర పెంకుపురుగు. నారింజ ఎరుపులో మెరుస్తూ మొదటి రెండు దళసరి ఆకుల్నీ జల్లెడ చేస్తుంది. తెల్లవారుజామున చలికి మందంగా ఉంటుంది, అప్పుడు చేత్తో ఏరి సబ్బు నీళ్ళలో వేయొచ్చు. దీనికీ తామరపురుగుకీ కలిపి ఒకటే ఉపాయం. గింజ మొలిచిన రోజు నుంచి పూత దాకా పాదు మీద కర్రలు వంచి బాగా సన్నటి కళ్ళున్న పురుగుల తెర కప్పి, అంచులు మట్టితో మూసేయండి. ఆడపువ్వు కనపడిన రోజు తెర తీసేయాలి.

తామరపురుగుని చిన్నచూపు చూడొద్దు. ఆకు రసం పీల్చడమే కాదు, మొవ్వుకుళ్ళు వైరస్ తెస్తుంది. తీగ చివర నేల విడిచి నిటారుగా లేచి, కణుపులు దగ్గరై, లేత ఆకులు పసుపు మచ్చలతో ముడుచుకుని మొవ్వు నల్లగా ఎండితే ఇక ఆ మొక్కకి మందు లేదు. ఆ పూటే పీకి దూరంగా తగలబెట్టాలి. ఒక్కదాని మీద జాలిపడితే ఎనిమిదీ పోతాయి. నేల మీద వెండి రంగు మల్చింగ్ షీటు పరిస్తే ఆ మెరుపుకి పురుగు తక్కువ వాలుతుంది. నీలం జిగురు అట్టలు రెండు పెట్టండి. వేపనూనె 1500 పీపీఎం లీటరుకి 5 మిల్లీలీటర్లు, వారానికోసారి, సాయంత్రం మాత్రమే. పొద్దున కొడితే తేనెటీగలు ఆ పూలకి రావు.

ఆకు మీద పిండి చల్లినట్టు బూడిద తెగులు కనపడగానే చాలామంది గంధకం పొడి కొనుక్కొస్తారు. తీగజాతి మీద గంధకం కొట్టొద్దు, ఆకులు మాడిపోతాయి. తెగులు మొదట్లోనే ఉంటే ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి ఎండ ఉన్న పొద్దున ఆకు రెండు వైపులా కొట్టండి. ముదిరిన ఆకులు తీసేయండి.

నల్లరేగడి:
తుంచడం గురించి. నాలుగైదు ఆకులప్పుడు ప్రధాన తీగ కొస గిల్లి, పక్క కొమ్మలు మూడు ఉంచితే మూడూ ఒకేసారి పూతకి వస్తాయి. చిన్న జాగాలో సమంగా పరుచుకుంటాయి. కాయ కట్టాక మాత్రం కత్తెర ముట్టుకోవద్దు.

పుప్పొడి:
ఇక్కడ నేను ఒప్పుకోను. పూత ఆలస్యమైతే కాయ మండుటెండలో పడుతుంది. జనవరి మొదట్లో పెట్టినవాళ్ళు గిల్లొచ్చు, ఆ తర్వాత పెడితే ప్రధాన తీగని అలాగే వదిలి రెండు పక్క కొమ్మలు ఉంచడం నయం. గిల్లితే మొదటి ఆడపువ్వు వారం వెనక్కి జరుగుతుంది.

నల్లరేగడి:
అదీ నిజమే. పెరటిజాగా గారు సంక్రాంతి తర్వాత పెడతారు కాబట్టి గిల్లకపోతేనే మంచిది.

ఇక పగుళ్ళు, అడుగు కుళ్ళు. రెండూ నీళ్ళ తప్పే. మూడు రోజులు మరిచిపోయి నాలుగో రోజు పైపు వదిలేస్తే లోపలి గుజ్జు ఒక్కసారి ఉబ్బి తొక్క పగులుతుంది. నీళ్ళు ఒకసారి ఉండి ఒకసారి లేకపోతే సున్నం (కాల్షియం) పిందె కొస దాకా చేరదు, అక్కడ నల్లగా కుళ్ళుతుంది. మట్టిలో సున్నం లేక కాదు. అందుకే కోడిగుడ్డు పెంకులు పోసినా తగ్గదు. పిందె దశలో కాల్షియం నైట్రేట్ లీటరుకి 5 గ్రాములు రెండుసార్లు కొట్టొచ్చు గానీ, నీళ్ళు సరిచేయకుండా కొడితే దండగ.

మొక్క చిన్నప్పుడు రోజుకి లీటరు. పూతకి 3, 4 లీటర్లు. కాయ పెరిగేటప్పుడు ఎండని బట్టి 6 నుంచి 8. పొద్దున్నే, మొదట్లో, ఆకు తడవకుండా. వరిగడ్డి మూడు అంగుళాలు పరిస్తే తేమ నిలుస్తుంది, కాయ కింద మెత్తగా ఉంటుంది. కోత ఇంకో 8, 10 రోజులుందనగా నీళ్ళు సగానికి తగ్గించండి. మీ నాలుగో కాయ చప్పగా ఉండటానికి సగం కారణం చివరి దాకా పూర్తిగా తడపడమే. ఆర్వో మిషను వదిలేసే నీళ్ళు పోస్తుంటే ఆపేయండి, ఆ ఉప్పంతా పాదులో చేరుతుంది.

ఎరువు: మొలిచిన 20 రోజుల నుంచి పూత దాకా వారానికోసారి 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే కరిగే ఎరువు) లీటరుకి 5 గ్రాములు, మొక్కకి లీటరు చొప్పున మొదట్లో. పిందె నిలిచాక దాన్ని ఆపి పొటాష్ ఎక్కువుండే 13-0-45 అదే కొలతలో. సేంద్రియంగా చేసేవాళ్ళు పదింతలు నీళ్ళు కలిపిన జీవామృతం (ఆవు పేడ, మూత్రం, బెల్లం, పప్పుపిండి పులియబెట్టింది) పది రోజులకోసారి పోసి, కాయ దశలో గుప్పెడు కట్టె బూడిద మొదలుకి జానెడు దూరంలో చల్లండి. యూరియా చేయి జారితే తీగ ఇంటిగోడ ఎక్కుతుంది, కాయ రాదు.

డాబాతోట:
డాబా మీద వస్తుంది, కానీ మొక్కకి ఒకటి, మహా అయితే రెండు కాయలు. సంచి 18కి 18 అంగుళాలు, అందులో ఒక్క మొక్కే. ఎర్రమట్టి 4 పాళ్ళు, కొబ్బరిపొట్టు 3, వర్మీకంపోస్టు 3, సంచికి వేపపిండి రెండు గుప్పెళ్ళు. తడిశాక ఒక్కో సంచి 60 కిలోల పైమాటే. అందుకని స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకుండా కింద గోడ, దూలం ఉన్న చోటికి సరిగ్గా పైన స్లాబు మీద వరసగా పెట్టండి. కింద ఇటుకలు వేసి ఎత్తి పెడితే అడుగు రంధ్రాలు మూసుకుపోవు, స్లాబు వేడి వేరుకి తగలదు.

తీగని ఆరడుగుల ఇనుప జాలీ మీదికి ఎక్కించండి. ప్రధాన తీగ, ఒక పక్క కొమ్మ చాలు. నులితీగల పట్టుని నమ్మొద్దు, జానెడుకోసారి గుడ్డ పీలికతో వదులుగా కట్టాలి. కాయ నారింజంత అయినప్పుడే ఉయ్యాల కట్టండి. పాత చున్నీ గానీ, ఉల్లిపాయలు వచ్చే వల సంచి గానీ సరిపోతుంది. ఉయ్యాల ముడి జాలీకే వేయాలి, తీగకి కాదు. రెండున్నర కిలోల కాయ గాలికి ఊగితే తీగ మొదలంటా చీలుతుంది.

ఏప్రిల్లో సంచికి 4, 5 లీటర్లు, ఒకేసారి కాకుండా పొద్దున సగం, సాయంత్రం సగం. నల్ల సంచులైతే చుట్టూ తెల్లగుడ్డ చుట్టండి. ముదురాకుపచ్చ కాయ ఎండకి ఒకవైపు తెల్లగా కమిలిపోతుంది, పైన ఎండుగడ్డో పాతగుడ్డో కప్పాలి. నేల మీది కాయకీ ఇదే.

పుప్పొడి:
కోత. పుచ్చ కోశాక తియ్యబడదు. అరటికీ మామిడికీ ఉన్న సౌకర్యం దీనికి లేదు. తొందరపడితే లేత గులాబీయే.

రాసిపెట్టిన తారీఖు నుంచి షుగర్ బేబీకి 30 నుంచి 35 రోజులు లెక్కపెట్టండి. 30వ రోజు నుంచి కాయ తొడిమ ఉన్న కణుపు దగ్గరి నులితీగ చూడండి. పచ్చగా ఉంటే ఆగాలి. మొదలంటా ఎండి గోధుమరంగు తాడులా అయితే సిద్ధం. పక్క కణుపుది ఎండితే లెక్కలోకి రాదు. రెండో గుర్తు, నేలకి ఆనిన చోట మచ్చ. తెల్లగా ఉంటే పచ్చికాయ, వెన్న పసుపు తిరిగితే పండింది. మచ్చ చూడ్డానికి కాయని పొర్లించొద్దు, కాస్త ఎత్తి చూసి అలాగే దించండి. ఉయ్యాల్లో కాయకి మచ్చ ఉండదు, నులితీగా తారీఖే గతి.

తట్టి చూడటం అందరూ చెబుతారు. బోలుగా మోగితే పండినట్టు, ఖంగుమంటే పచ్చి. రోజూ వంద కాయలు తట్టే వ్యాపారికి ఆ చెవి వస్తుంది. ఏడాదికి పది కాయలు చూసేవాళ్ళు దాన్ని నమ్ముకోకపోవడమే మంచిది.

కోసేటప్పుడు రెండు అంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయండి.

పెరటిజాగా:
ఈసారి 8 మొక్కలే, తారీఖు దారాలతో సహా. ఆఖరి ప్రశ్న. పండిన కాయలోంచి గింజ దాచుకోవచ్చా?

నల్లరేగడి:
షుగర్ బేబీ, అర్కా మానిక్ లాంటి సూటి రకాలైతే (హైబ్రిడ్ కానివి) దాచుకోవచ్చు, పక్కన వేరే పుచ్చ లేకపోతేనే. హైబ్రిడ్ అయితే రెండో ఏడాది ఒక్కో మొక్క ఒక్కో రకం కాయ కాస్తుంది. బజారు కాయ గింజల సంగతీ అంతే, అవి దాదాపు అన్నీ హైబ్రిడ్లే. బాగా ముదిరిన కాయ గింజల్ని కడిగి, నీళ్ళలో తేలినవి పారేసి, నీడలో వారం ఆరబెట్టండి. గింజని వంచితే విరగాలి, సాగితే తేమ ఉన్నట్టు. గాజు సీసాలో కాస్త బూడిద వేసి మూత బిగించి, సీసా మీద రకం పేరు, నెల రాసిపెట్టండి.